బస్తీ సంఘం: అర్జీ రాసే చేతులు, అధికారం లేని గది

హైదరాబాదులో ఏ దళిత బస్తీకైనా పోండి. గల్లీ మొదట్లో అంబేడ్కర్ విగ్రహం, దాని పక్కనో వెనకనో ఒక గది. గోడ మీద నీలం రంగుతో యువజన సంఘమనో, బస్తీ అభివృద్ధి సంఘమనో పేరు, పేరు కింద రిజిస్ట్రేషన్ నంబరు. లోపల నాలుగు కుర్చీలు, ఒక ఇనప బీరువా. బీరువాలో రసీదు పుస్తకాలు, అర్జీల నకళ్ళు, ఏప్రిల్ 14న కట్టే జెండాలు. ఓ మూలన చావుకీ పెళ్ళికీ వాడే షామియానా, పెద్ద గిన్నెలు. పొద్దున నల్లా రాకపోతే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చేది ఈ గది ముందుకే. రాత్రి మొగుడు తాగొచ్చి కొడితే తల్లిగారింటివాళ్ళు పంచాయితీ పెట్టేదీ ఇక్కడే. మోరీ పొంగినా, ముసలాయన పింఛను ఆగినా, పిల్లగాడిని పోలీసులు ఎత్తుకపోయినా, పీనుగను పెట్టే జాగా మీద ఎవడో కన్నేసినా మొదట తెరుచుకునే తలుపు ఇదే.

దళిత ఉద్యమం గురించి మనం ఎంతో రాసుకున్నాం. కారంచేడు (1985), చుండూరు (1991) గురించి రాశాం. రిజర్వేషన్లు, వర్గీకరణ, సాహిత్యం గురించి వాదించుకున్నాం. రోజూ తెరిచి ఉండే ఈ గది గురించి మాత్రం రాసింది తక్కువ. అది చిల్లర పనుల వ్యవహారమనీ, రాజకీయం కాదనీ మనలోనే ఒక చిన్నచూపు ఉంది. మాలో కొందరం ఇట్లాంటి బస్తీల్లోనే పుట్టి పెరిగాం, ఆ షామియానా గుంజలు మోసినవాళ్ళమే. అయినా చదువుకున్నాక ఆ గదిని పరిశోధనకు పనికొచ్చే విషయంగా చూడలేకపోయాం. ఈ వ్యాసం ఒక రకంగా ఆ తప్పును సరిచేసుకునే ప్రయత్నం.

మేం చెప్పదలిచింది ఒక్కటే. బస్తీ సంఘం అంటే కాలనీ సంక్షేమ సంఘానికి పేద నకలు కాదు. రాజ్యం కాలనీకి తనంతట తాను నడిచి వస్తుంది, బస్తీకి అర్జీ పెడితే తప్ప రాదు. ఆ తేడాలోంచి పుట్టిందే బస్తీ సంఘం. అందుకే అది చేసే పని వేరు, దాని చరిత్ర వేరు. చట్టం ముందు దానికి దొరుకుతున్న స్థానం కూడా వేరే.

సంఘం ఏం చేస్తుంది?

బస్తీ సంఘం పనిని మూడు భాగాలుగా చూడొచ్చు.

మొదటిది, రాజ్యంతో పని. నల్లా, మోరీ, వీధి దీపం, రేషను కార్డు, కుల ధ్రువపత్రం, ఇంటి పట్టా. ఇక్కడ సంఘం ఆయుధం అర్జీ. అర్జీ రాయడమంటే అంత తేలిక కాదు. నీళ్ళకు ఏ ఆఫీసు, మోరీకి ఏ ఆఫీసు, కరెంటు స్తంభానికి ఏ ఆఫీసు అన్నది తెలియాలి. హైదరాబాదులో నీళ్ళు, మురుగు కాలువల పెద్ద లైన్లు 1989లో ఏర్పడిన జలమండలి చూస్తుంది. చెత్త, వాన నీటి కాలువలు, వీధి దీపాలు మున్సిపల్ కార్పొరేషన్‌వి. జాగా సంగతి రెవెన్యూ వాళ్ళది. పొంగిన మోరీ ఏ ఆఫీసు కిందికి వస్తుందో తేల్చుకోవడానికే వారం పట్టొచ్చు. ఇక్కడికి పోతే అక్కడంటారు, అక్కడికి పోతే ఇక్కడంటారు. ఈ తిరుగుడులో కూలి పోగొట్టుకునేవాళ్ళే సంఘం కార్యదర్శులు. అర్జీ ఇచ్చాక నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం వాళ్ళు దెబ్బతిని నేర్చుకున్న పాఠం. ముద్ర లేని అర్జీ గాలికి పోయినట్టే.

రెండోది, బస్తీ లోపలి పని. ఎవరైనా చనిపోతే ఇంటింటికీ ఇంత అని వసూలు చేసి ఆ ఇంటికి ఇస్తారు. డప్పులు, పాడె, గుంత తవ్వేవాళ్ళు, వచ్చిన చుట్టాలకు భోజనం అన్నీ సంఘమే చూస్తుంది. ఆలుమగల తగాదాలు, అన్నదమ్ముల గోడ తగాదాలు, అప్పు తగాదాలు ఇక్కడే తీరతాయి, తీరకపోతే స్టేషనుకు పోతాయి. పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువు, బోనాలకు చందా కూడా దీని లెక్కలోవే.

మూడోది, గౌరవం పని. విగ్రహం పెట్టడం, జయంతి చేయడం, బస్తీ పేరు మార్చుకోవడం. బయటివాళ్ళు కులం పేరుతో పిలిచిన వాడకు అంబేడ్కర్ నగర్ అనో, సిద్ధార్థ నగర్ అనో బోర్డు పెట్టడం చిన్న పని కాదు. చిరునామా చెప్పుకోవడానికి నోరు రాని పిల్లవాడికి చెప్పుకోగల చిరునామా ఇవ్వడం అది.

ఈ మూడూ విడివిడిగా ఉండవు. విగ్రహం కోసం కూడినవాళ్ళే నల్లా కోసం పోతారు. చావు చందా లెక్క సరిగ్గా చెప్పినవాడినే పట్టాల కోసం కలెక్టరు ఆఫీసుకు పంపుతారు. నమ్మకం చావు దగ్గర పుడుతుంది, నల్లా దగ్గర పనికొస్తుంది. కాలనీ సంఘంలో సభ్యత్వం ఆస్తితో వస్తుంది, బస్తీలో అది పాడె మోసిన భుజంతో వస్తుంది.

ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ సంఘానికి పాత రూపం కుల పంచాయితీ. ఊళ్ళో మాలవాడకు, మాదిగవాడకు పెద్దమనుషులు ఉన్నట్టే పాత హైదరాబాదు బస్తీల్లో చౌదరీలు ఉండేవాళ్ళు. తగాదాలు తీర్చడం, జరిమానాలు వేయడం, పెళ్ళీ చావూ చూడటం వాళ్ళ పని. ఆ పద్ధతిలో సాయం ఉంది, దౌర్జన్యమూ ఉంది. జరిమానా డబ్బు కల్లు దుకాణానికి పోయేది. ఆడదాని మాటకు చోటుండేది కాదు.

దీన్ని సంస్కరించాలని పూనుకున్నవాడు భాగ్యరెడ్డి వర్మ. ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు, 1911లో అది మన్య సంఘం అయింది. తర్వాత ఆది హిందూ పేరుతో ఉద్యమం నడిచింది. హరికథలు, భజనలతో మొదలుపెట్టి బస్తీల్లో బడులు తెరిచారు. తాగుడుకు, బాల్య వివాహాలకు, ఆడపిల్లలను దేవుడి పేరుతో విడిచే ఆచారానికి ఎదురు నిలిచారు. కుల పంచాయితీలను పద్ధతిలో పెట్టి న్యాయం చెప్పే వేదికలుగా మార్చాలని చూశారు. 1917లో విజయవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షుడు. తాము పంచములం కాదు, ఈ నేలకు ఆదివాసులం అని ఆ సభ చెప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాజ్యపు దళితులు ఆది హిందువులుగా నమోదయ్యారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పెద్ద పేరు పుట్టింది ఢిల్లీలో కాదు, బస్తీ బడిలో, బస్తీ భజనలో. రాజకీయం పైనుంచి కిందికి దిగలేదు, గల్లీలోంచి పైకి పోయింది.

ఇంకోపక్క రాజ్యం కూడా బస్తీలోకి వచ్చింది, కానీ వేరే దారిన. 1908 మూసీ వరదల తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగర అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. రోడ్లు వెడల్పయ్యాయి, పేదలకు కొన్ని ఇళ్ళు కట్టారు. ఆరోగ్యం పేరుతో ఇరుకు బస్తీలను కూల్చారు కూడా. 1956లో మురికివాడల అభివృద్ధి కోసం భూసేకరణ చట్టం వచ్చింది. దానితో ప్రభుత్వం గుర్తించిన మురికివాడ, గుర్తించని మురికివాడ అనే తేడా మొదలైంది. 1967లో హైదరాబాదులో నగర సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీ కమిటీలు వేసి, వాటితో బాలవాడీలు, కుట్టు కేంద్రాలు నడిపించింది. 1970 దశకం చివర్లో పట్టాలు, ఇళ్ళ రుణాలు ఆ కమిటీల ద్వారానే నడిచాయి. కాగితం ఎట్లా కదులుతుందో చాలా బస్తీలు అప్పుడే నేర్చుకున్నాయి.

మూడో పాయ కారంచేడుది. 1985 జులై 17న అక్కడ మాదిగలను చంపారు. ఆ సెప్టెంబరులో చీరాలలో దళిత మహాసభ పుట్టింది. ఆ తర్వాత అయిదారేళ్ళలో, ముఖ్యంగా 1990-91 అంబేడ్కర్ శతజయంతి నాటికి, ఊరూరా వాడవాడా యువజన సంఘాలు లేచాయి. పాత కమిటీకి అర్జీ తెలుసు, కొత్త సంఘానికి హక్కు తెలుసు. ఇవాళ్టి బస్తీ సంఘంలో ఈ మూడు పాయలూ ఉన్నాయి. చౌదరి పంచాయితీ చెప్పినట్టు తగాదా తీరుస్తుంది, కమిటీ లాగా అర్జీ పెడుతుంది, యువజన సంఘం లాగా ధర్నా చేస్తుంది. ఒకే మనిషిలో మూడు గొంతులు వినపడేది ఇందుకే.

శ్రమదానమా, వెట్టా?

1990 దశకం చివర్లో సంఘాలకు కొత్త గిరాకీ వచ్చింది. 1997 జనవరిలో జన్మభూమి మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన తెచ్చి, ఇరుగుపొరుగు బృందాలు, ఇరుగుపొరుగు కమిటీలు అంటూ మెట్లు కట్టింది. 2007లో మెప్మా వచ్చి పొదుపు సంఘాలను మురికివాడల సమాఖ్యలుగా, పట్టణ సమాఖ్యలుగా పేర్చింది. వీటిలో మేలు లేదని మేం అనడం లేదు. చాలామంది దళిత స్త్రీలు మొదటిసారి బ్యాంకు మెట్లెక్కింది, సంతకం పెట్టింది పొదుపు సంఘాల వల్లనే.

అయితే ఒక ప్రశ్న అడగాలి. జన్మభూమిలో పని కావాలంటే ప్రజల వాటా కట్టాలన్నారు. డబ్బు లేకపోతే శ్రమదానం చెయ్యమన్నారు. కాలనీలో రోడ్డు వెయ్యడానికి ఇంజనీరు గారి భార్య తట్ట మోసిందా? ఫోటో కోసం మోసి ఉండొచ్చు. బస్తీలో మాత్రం రోజంతా కూలికి పోయొచ్చిన మనిషి తన మోరీని తానే తవ్వుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో దొర ఇంటికి, పటేల్ ఇంటికి వెట్టి చేసిన కులాలకు శ్రమదానం అన్న మాట ఏ అర్థంలో వినపడుతుందో పథకాలు రాసేవాళ్ళకు తట్టలేదు. దానం చెయ్యాలంటే మొదట అది మనదై ఉండాలి. మన శ్రమ ఎన్నడు మనది కనుక?

'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట విన్నప్పుడల్లా రెండు సంగతులు చూడాలి. పనిలో భాగమా, నిర్ణయంలో భాగమా? బస్తీకి పనిలో భాగం దొరికింది. నిర్ణయంలో భాగం కాలనీకి పోయింది.

ఇద్దరి మోరీ ఒకటే

కాలనీ సంఘాన్ని శత్రువుగా చూపడం మా ఉద్దేశం కాదు. తమ వీధి బాగుండాలని కోరుకునే హక్కు అందరికీ ఉంది. ఇవాళ కాలనీల్లో, అపార్టుమెంట్లలో దళిత ఉద్యోగులు కూడా ఉన్నారు. కానీ ఒకే మోరీ రెండు చోట్ల ఎట్లా కనిపిస్తుందో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది.

కాలనీలో మ్యాన్‌హోల్ పొంగింది. సంఘం కార్యదర్శి ఫోను చేస్తాడు. సాయంత్రానికి ఎవరో వచ్చి బాగు చేస్తారు. కార్యదర్శి దృష్టిలో అది పౌర సమస్య, తీరిపోయింది. కానీ ఆ మ్యాన్‌హోల్‌లోకి దిగింది ఎవరు? కాంట్రాక్టరు పిలిచిన మనిషి. ఆ మనిషి ఇల్లు బస్తీలో ఉంది. అతను ఊపిరాడక లోపలే ఉండిపోతే, పీనుగ వచ్చేది నీలం గోడ గది ముందుకే. అక్కడ వారం దినాల పౌర సమస్య, ఇక్కడ ఒక ఇంటి దీపం.

ఈ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. పాకీపని నిషేధానికి మొదటి చట్టం 1993లో వచ్చింది. 2013 చట్టం ఇంకా ముందుకు పోయి, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని నేరం చేసింది. మొదటిసారి నేరానికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ నిషేధం మున్సిపాలిటీకో కాంట్రాక్టరుకో మాత్రమే కాదు, ఏ వ్యక్తికైనా వర్తిస్తుంది. నేరుగా దించినా, ఇంకొకరి చేత దింపించినా ఒకటే. అంటే రెండు వేలు చేతిలో పెట్టి ట్యాంకు కడిగించుకునే అపార్టుమెంటు సంఘం కూడా చట్టం కిందికి వస్తుంది. 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి చనిపోయిన ప్రతి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు, షెడ్యూల్డు కులాల మనిషి చేత పాకీపని చేయించడాన్ని కూడా నేరాల జాబితాలో చేర్చారు.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితాన్ని శవం దగ్గరికి తెచ్చేది ఎవరు? ప్రమాదంలో మరణం అని రాసి పంపేయబోతే, ఆ చట్టాల పేర్లు పెట్టి ఎఫ్ఐఆర్ రాయండి అని స్టేషను ముందు కూర్చునేది బస్తీ సంఘమే. కాంట్రాక్టరు లక్షో రెండు లక్షలో తెచ్చి మాట్లాడుకుందాం అంటే, ఏడుస్తున్న ఇల్లాలిని ఒంటరిగా వదలనిదీ సంఘమే. సంఘం లేని చోట ఆ బేరం అరగంటలో అయిపోతుంది. సంఘం పెద్దే కాంట్రాక్టరుకు దోస్తు అయితే ఇంకా తొందరగా అయిపోతుంది. అందుకే సంఘం ఎవరి చేతుల్లో ఉందన్నది చిల్లర విషయం కాదు.

శుభ్రత పేరుతో వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. 2000లో సుప్రీంకోర్టు ముందు ఒక కేసు నడిచింది. అది నగరాల చెత్త గురించిన కేసు. తీర్పులో సంగతి చెత్త నుంచి మురికివాడలకు మళ్ళింది. ఆక్రమించినవాడికి బదులు జాగా ఇవ్వడమంటే జేబుదొంగకు బహుమానం ఇవ్వడం లాంటిదని కోర్టు వ్యాఖ్యానించింది. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమని ఒప్పుకున్న కోర్టే ఇది. చెత్త ఎత్తమని మొదలైన మాట చెత్త ఎత్తేవాడి గుడిసె ఎత్తెయ్యమనే దాకా ఎట్లా పోతుందో ఆ వ్యాఖ్యలో కనిపిస్తుంది. 2024లో మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ చుట్టుపక్కల ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి ఖాళీ చేయించారు. ఆ ఇళ్ళు దళితులవి, ముస్లింలవి, ఇతర పేదలవి. కొందరికి వేరే చోట రెండు గదుల ఇళ్ళు ఇచ్చారు. 1912 నుంచి 2024 దాకా మాట మారింది, నది మారలేదు, లేవాల్సినవాళ్ళూ మారలేదు. ఇల్లు దొరికినవాళ్ళకు కూడా పోయింది ఒకటుంది. పాడె మోసే భుజాలు, పిల్లను చూసుకునే పక్కింటి అవ్వ, పనిచేసే ఇళ్ళకు నడిచిపోయే దూరం. వీటికి నష్టపరిహారం లెక్క ఏ ఆఫీసులోనూ లేదు.

చట్టం ఎవరిని చూస్తుంది?

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనను కిందికి దించుతానంది. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలు రాసింది. నీళ్ళు, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, ఆఖరికి శ్మశానాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కసారి ఆ జాబితాను బస్తీ సంఘం అర్జీల బీరువాతో పోల్చి చూడండి. దాదాపు అవే పనులు. రాజ్యాంగం 1993లో రాసుకున్న పనిని బస్తీ సంఘం అంతకు ముందు నుంచే చేస్తోంది, జీతం లేకుండా, అధికారం లేకుండా.

మరి ఆ కమిటీల్లో కూర్చునేదెవరో తేల్చే పని రాష్ట్రాలకు వదిలేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు చట్టం చేశారు. అది కూడా 2005లో మొదలైన కేంద్ర పట్టణ పథకం డబ్బులకు పెట్టిన షరతు వల్లనే. అందులో ఏరియా సభ ప్రతినిధిని జనం ఎన్నుకోరు, నామినేట్ చేస్తారు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అంటూ నాలుగు రకాల కమిటీలు చెప్పింది. ఇందులో ప్రముఖులు అన్న మాట దగ్గర ఆగండి. రిటైరైన ఆఫీసరు ప్రముఖుడు. డాక్టరు ప్రముఖుడు. ఇరవై ఏళ్ళుగా అర్జీలు మోసి చెప్పులరిగిన బస్తీ కార్యదర్శి ఏమవుతాడు? లబ్ధిదారుడవుతాడు.

ఇది ఎవరో ఒకరి కుట్ర అని మేం అనడం లేదు. చట్టం దగ్గర రెండు బొమ్మలున్నాయి. ఒకటి పౌరుడు, రెండోది లబ్ధిదారుడు. కాలనీని మొదటి బొమ్మతో, బస్తీని రెండో బొమ్మతో చూడటానికి దాని కళ్ళు అలవాటు పడ్డాయి. అన్యాయం ఆ అలవాటులోనే ఉంది.

అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఊరిని స్వర్గంగా చూపే మాటలను గట్టిగా తిప్పికొట్టాడు. ఊరు ఇరుకుతనానికీ అజ్ఞానానికీ నెలవని అన్నాడు. స్థానిక అధికారమంటే స్థానిక పెద్దకులం అధికారమే అవుతుందన్నది ఆ హెచ్చరిక సారం. మరి అంబేడ్కరిస్టులమైన మనం స్థానిక సంఘాల గురించి ఎందుకు మాట్లాడాలి? మా జవాబు ఇది. 'స్థానికం' అన్నది ఒకటే కాదు. ఊరుంది, వాడ ఉంది. వార్డు ఉంది, వార్డులో బస్తీ ఉంది. అధికారాన్ని వార్డు దాకా దించి ఆపేస్తే అది కాలనీ చేతిలో ఆగిపోతుంది. అంబేడ్కర్ భయపడ్డది ఇదే. వార్డు లోపలి బస్తీకి దాని పేరు మీద, దాని హక్కుగా చోటు దొరికితేనే ఆ భయానికి జవాబు దొరుకుతుంది.

మన లోపలి సంగతి

ఇంతవరకు రాజ్యాన్ని అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. అడగకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మొదటి సంగతి ఆడవాళ్ళది. నీళ్ళ కోసం లేచేది వాళ్ళు, మోరీ దాటేది వాళ్ళు, ఆఫీసు ముందు ఎండలో కూర్చునేది వాళ్ళు. పొదుపు లెక్కలు తప్పు లేకుండా రాసేదీ వాళ్ళే. అయినా సంఘం గదిలో కుర్చీలు మగవాళ్ళవి. ఆలుమగల పంచాయితీలో కొట్టినవాడి దోస్తులే తీర్పు చెప్పడం ఎన్నిసార్లు చూడలేదు? సర్దుకపో బిడ్డా అన్న మాట తీర్పు కాదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది. ఆడపిల్ల మీద దెబ్బ పడితే దాన్ని గదిలో సర్దే అధికారం సంఘానికి లేదు. ఆ పిల్లను రక్షణాధికారి దగ్గరికి తీసుకపోవడమే సంఘం బాధ్యత. భాగ్యరెడ్డి వర్మ పంచాయితీని మార్చాలనుకుని నూరేళ్ళు దాటింది. ఆ పని ఇంకా సగంలోనే ఉంది.

రెండోది ఉపకులాల సంగతి. ఒకే బస్తీలో మాల గల్లీ, మాదిగ గల్లీ, ఒక చివరన పాకీపని చేసేవాళ్ళ నాలుగు ఇళ్ళు. సంఘం ఒకటే అంటాం, కానీ నల్లా మొదట ఏ గల్లీకి వస్తుంది? చివరి నాలుగు ఇళ్ళ మనిషి ఏనాడైనా అధ్యక్షుడయ్యాడా? 1994 జులైలో ఈదుముడిలో మొదలైన దండోరా ఈ ప్రశ్ననే రాష్ట్రమంతటా మోగించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ఉద్యోగాల్లో వాటా గురించి తేల్చుకున్న న్యాయం గల్లీలో వాటాకు ఎందుకు వర్తించదు? కాలనీ మనల్ని చూసినట్టు మనం మన చివరి గల్లీని చూస్తే, నీలం రంగు గోడకే పరిమితమవుతుంది.

మూడోది పార్టీల సంగతి. ఎన్నికలు రాగానే సంఘం రెండు ముక్కలవుతుంది. ఒక ముక్కకు షామియానా, ఇంకో ముక్కకు క్రికెట్ కిట్లు. కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గరుండాలన్న దాని మీదే కొట్లాట. పార్టీలో ఉండటం తప్పు కాదు, ఓటు మన చేతిలో ఉన్న బలం. సంఘాన్ని పార్టీకి కుదువ పెట్టడమే తప్పు.

నాలుగోది లెక్క. చందా వసూలు చేసి లెక్క చెప్పని సంఘం ఎన్నాళ్ళో బతకదు. జయంతి అయిన మర్నాడే వచ్చింది ఇంత, ఖర్చు ఇంత అని కాగితం అంటించిన సంఘాలకు వచ్చే ఏడు అడగకుండానే చందా వస్తుంది.

ఏం చెయ్యాలి?

పెద్ద కార్యక్రమం రాసే హక్కు మాకు లేదు. కొన్ని మాటలు మాత్రం చెప్పగలం.

సంఘం రిజిస్టరు కావాలి. తెలంగాణ ప్రాంతంలో పాత సంఘాలు 1350 ఫసలీ చట్టం కింద నమోదయ్యాయి. తర్వాత 2001 సొసైటీల చట్టం వచ్చింది. ఏడుగురు కలిస్తే చాలు. అయితే రిజిస్టరు చేసి వదిలెయ్యడం కాదు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చెయ్యాలి. చాలా సంఘాలు ఇక్కడే చచ్చిపోతున్నాయి. బోర్డు ఉంటుంది, కాగితం చచ్చి ఉంటుంది.

మినిట్స్ పుస్తకం రాయాలి. తీర్మానం రాసి, అందరి చేతా సంతకాలో వేలిముద్రలో పెట్టించాలి. నోటిమాటగా అడిగింది దయ కోరినట్టు ఉంటుంది, తీర్మానం చేసి అడిగితే సభ అడిగినట్టు ఉంటుంది. రేపు జాగా కేసులో కోర్టు ముందు నిలబడేది కూడా ఆ పుస్తకమే.

సమాచార హక్కును వాడాలి. 2005 చట్టం కింద 10 రూపాయల దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి, పేదరికపు రేఖ కింద ఉన్నవాళ్ళకు రుసుమే లేదు. బస్తీ పేరు మీద మంజూరైన పనులేవి, బిల్లు ఎత్తింది ఎవరు అని అడగాలి. షెడ్యూల్డు కులాల ఉపప్రణాళికకు 2013లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. తెలంగాణలో 2017 నుంచి అది ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ నిధిలో మా బస్తీకి వచ్చింది ఎంత అన్నది అర్జీ కాదు, లెక్క అడగడం.

అన్నిటికన్నా ముఖ్యం, వార్డు కమిటీలో, ఏరియా సభలో బస్తీ సంఘానికి నామినేషను కాక ఎన్నికైన చోటు కావాలని అడగాలి. ఒక బస్తీ అడిగితే వినపడదు. వార్డులోని బస్తీలన్నీ కలిసి అడగాలి. మన పక్కనున్న ముస్లిం బస్తీని, ఇతర పేదల బస్తీని కలుపుకుని అడగాలి. మూసీ ఒడ్డున ఎర్ర గుర్తు కులం చూసి ఆగలేదు.

మేం మొదట చెప్పిన ఆ గదికి మళ్ళీ వద్దాం. అందులో బీరువా నిండా అర్జీల నకళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళ ముద్రలు, తేదీలు. ఒక బస్తీ తన నీళ్ళ కోసం, తన దీపం కోసం, తన చావు జాగా కోసం ఎన్నిసార్లు అడిగిందో అందులో రాసి ఉంది. పరిశోధకులుగా మేం చేయగల పని ఆ కాగితాలు చెదలు పట్టకముందే చదివి, వాటిని మన చరిత్రగా రాయడం. మీ బస్తీలో అట్లాంటి బీరువా ఉంటే తెరవండి. తేదీల వారీగా పేర్చండి. కార్యదర్శి పోయాడని పాత కాగితాలు తూకానికి అమ్మకండి. రేపు మన వాళ్ళు వార్డు కమిటీలో కూర్చుని మాట్లాడేటప్పుడు, మాకేం అనుభవం ఉందని అడిగేవాళ్ళ ముందు పెట్టాల్సింది ఆ కట్టలే.